మెరుగు

పండుగ ముందురోజున ఇంట్లో ఇత్తడి సామాను తోమడం మీరు చూసే ఉంటారు. చింతపండు పట్టించి, బూడిదతో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడిచేసరికి నల్లబడిన చెంబు బంగారంలా మెరుస్తుంది. ఆ మెరుపు ఎక్కడినుంచి వచ్చింది? చింతపండులో మెరుపు లేదు. బూడిదలో అసలే లేదు. చెంబుమీద పేరుకున్న చిలుమును అవి తొలగించాయి. అడ్డు తొలగగానే చెంబులో ఉన్న మెరుపే బయటపడింది. మెరుపు ఒకరు తెచ్చి పూసేది కాదని ఇంటి పనిలోనే మనకు తెలుస్తుంది.

ఈ సంగతినే మరింత సూక్ష్మంగా, మరింత ఓర్పుతో నేర్పే పని ఒకటి ఉంది. అదే నమూనా కార్ల రంగుకు మెరుగు పెట్టడం.

నమూనా కారు అంటే కేవలం ఆటబొమ్మ కాదు. అసలు కారు కొలతలన్నింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసిన ప్రతిరూపం. 1:24 నిష్పత్తి అంటే, అసలు కారులో 24 సెంటీమీటర్లు ఉన్నది నమూనాలో ఒక సెంటీమీటరు ఉంటుంది. 4.8 మీటర్ల పొడవైన కారు 20 సెంటీమీటర్లకు తగ్గుతుంది. 1:18, 1:43, 1:64 నిష్పత్తులలో కూడా ఇలాంటి కార్లు తయారవుతాయి. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో తయారైన చిన్న లోహపు కార్లకు 1934లో 'డింకీ' అనే పేరు వచ్చింది. 1953లో అగ్గిపెట్టెంత అట్టపెట్టెలలో పెట్టి అమ్మిన కార్లకు 'మ్యాచ్‌బాక్స్' అనే పేరే స్థిరపడింది. వీటికి రంగు కర్మాగారంలోనే వేస్తారు. జపానులోని షిజువోకా నగరానికి చెందిన టమియా వంటి సంస్థల పద్ధతి వేరు. అవి ప్లాస్టిక్ విడిభాగాలను పెట్టెలో పెట్టి అమ్ముతాయి. వాటిని అతికించి, రంగు వేసి, మెరుగు పెట్టే బాధ్యత కొన్నవారిదే.

ఇంత చిన్న వస్తువుకు ఇంత శ్రమ ఎందుకని అనిపించవచ్చు. కాని ఈ పనే ఒకప్పుడు విద్యార్థులకు విశ్వవిద్యాలయ చదువును సంపాదించి పెట్టింది. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన ఫిషర్ బాడీ విభాగం 1930లో బాలుర కోసం ఒక పోటీ మొదలుపెట్టింది. దాని పేరు ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్. మొదట్లో పోటీదారులు పాతకాలపు రాజరథం నమూనాను చేయవలసి ఉండేది. 1937 నుంచి సొంత ఊహతో కారు నమూనాలు చేయడానికి కూడా అవకాశం వచ్చింది. వాటి నిష్పత్తి 1:12. ఉత్తమ నమూనాలు చేసినవారికి విశ్వవిద్యాలయ చదువుకు విద్యార్థి వేతనాలు ఇచ్చేవారు. ఊహ ఎంత కొత్తగా ఉందో చూసేవారు. పనితనం ఎంత నిర్దుష్టంగా ఉందో కూడా చూసేవారు. 1947లో ఈ పోటీలో గెలిచిన చక్ జోర్డన్ అనే యువకుడు తరువాత అదే సంస్థలో చేరి, 1986 నుంచి 1992 వరకు కార్ల రూపకల్పన విభాగానికి ఉపాధ్యక్షుడుగా పనిచేశాడు. ఆ పోటీలో బాలికలకు ప్రవేశం లేకపోవడం ఆ కాలపు లోపం. ఈ పనికి కావలసింది ఓర్పు, చూపు. అవి బాలురకు ఎంతో బాలికలకూ అంతే.

అలాంటి పోటీలో నమూనాను చూసేవారి కన్ను మొదట పడేది రంగుమీదే. ఆకారం ఎంత అందంగా ఉన్నా, రంగు గరుకుగా ఉంటే అది బొమ్మగానే కనిపిస్తుంది. రంగు అద్దంలా ఉంటే, అసలు కారు దూరంగా నిలిచి ఉందేమో అన్న భ్రమ కలుగుతుంది.

దీనికి కారణం లెక్కలోనే ఉంది. కారును తగ్గించవచ్చుగాని రంగును తగ్గించడం సాధ్యం కాదు. అసలు కారుమీద ఉండే పూతలన్నీ కలిపితే మందం సుమారు ఒక మిల్లీమీటరులో పదోవంతు. 1:24 నమూనాకు దానిని కూడా 24తో భాగిస్తే వచ్చేది 0.004 మిల్లీమీటరు. అంత పలుచగా రంగు వేయడం ఏ చేతికీ సాధ్యం కాదు. పోనీ, నమూనామీద కూడా పదోవంతు మిల్లీమీటరే రంగు వేశామనుకోండి. అసలు కారు లెక్కలో అది 2.4 మిల్లీమీటర్ల మందం అవుతుంది. అలాగే, రంగులో చిక్కుకున్న అర మిల్లీమీటరు దుమ్ము కణం అసలు కారుమీద 12 మిల్లీమీటర్ల గులకరాయితో సమానం. స్ప్రే చేసిన రంగు ఆరేటప్పుడు ఉపరితలం కమలాపండు తొక్కలా సన్నని గుంటలు గుంటలుగా ఏర్పడుతుంది. పెద్ద కారుమీద ఎవరి కంటా పడని ఆ గుంటలు చిన్న కారుమీద స్పష్టంగా కనిపిస్తాయి. వస్తువు చిన్నదైన కొద్దీ తప్పు పెద్దదవుతుంది.

ఇంతకూ మెరుపు అంటే ఏమిటి? గాలి లేనప్పుడు చెరువు నీటిలో గట్టుమీది చెట్టు స్పష్టంగా కనిపిస్తుంది. గాలి వీచి అలలు రేగగానే చెట్టు చెదిరిపోతుంది. నీరు మారలేదు, వెలుతురు మారలేదు. ఉపరితలం మాత్రమే మారింది. ఉపరితలం సమంగా ఉంటే దానిమీద పడిన కాంతి కిరణాలు ఒక క్రమంలో వెనుదిరుగుతాయి. అప్పుడు ప్రతిబింబం ఏర్పడుతుంది. ఎగుడుదిగుడుగా ఉంటే కిరణాలు తలొక దిక్కుకూ చెదిరిపోతాయి. అప్పుడు మసకగా కనిపిస్తుంది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకు ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఉపరితలం మీది గీతలు అంతకంటే బాగా సన్నగిల్లితే గాని కాంతి వాటిని 'గమనించకుండా' పోదు. కనుక మెరుగు పెట్టడం అంటే గీతలను ఒక్కసారిగా తుడిచివేయడం కాదు. పెద్ద గీతల స్థానంలో చిన్న గీతలను, చిన్న గీతల స్థానంలో ఇంకా చిన్న గీతలను పెట్టుకుంటూ పోవడం.

ఈ పనిలో మొదటి మెట్టు ఏమీ చేయకుండా ఉండడం. రంగు పైకి ఆరినట్లు కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది. లాకరు రకం రంగులోని ద్రావణి త్వరగా ఆవిరైపోతుంది. ఎనామెల్ రకం గాలిలోని ఆక్సిజనుతో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకు రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడతాయి. మెత్తని రంగును రుద్దితే అది అరగదు, చిరిగిపోతుంది. అందుచేత అనుభవజ్ఞులు రంగు వేసిన నమూనాను దుమ్ము పడకుండా ఒక పెట్టెలో మూసి పక్కన పెడతారు. స్ప్రే రంగులను ఎప్పుడూ గాలి ఆడే చోట, పెద్దల తోడుతో, ముక్కుకు తగిన రక్షణ పెట్టుకొని మాత్రమే వాడాలి.

రెండవ మెట్టు నీటితో రుద్దడం. గరుకు కాగితాన్ని కొన్నిచోట్ల ఉప్పు కాగితం అంటారు. తడిపి వాడే రకాన్ని కార్లకు రంగులు వేసేవారు వాటర్ పేపరు అంటారు. దాని వెనుక 400, 1000, 2000 వంటి అంకెలు ముద్రించి ఉంటాయి. అంకె పెరిగే కొద్దీ రేణువులు సన్నబడతాయి. 400 అంకె కాగితంమీది రేణువులు సుమారు 35 మైక్రాన్లు ఉంటే, 2000 అంకె కాగితంమీద సుమారు 10 మైక్రాన్లు ఉంటాయి. నమూనా కార్లకు మొదటి అంకెలు పనికిరావు. పలుచని రంగును అవి వెంటనే తినివేస్తాయి. సాధారణంగా 2000 దగ్గర మొదలుపెట్టి అంతకంటే సన్నని రకాలకు వెళతారు. నీటిలో ఒక చుక్క సబ్బు కలిపి, కాగితం ముక్కను తడిపి, వేలి బరువు తప్ప మరే ఒత్తిడీ లేకుండా రుద్దుతారు. నీరు మూడు పనులు చేస్తుంది: అరిగిన రంగుపొడిని కొట్టుకుపోయేలా చేస్తుంది, వేడి పుట్టకుండా కాపాడుతుంది, దుమ్ము గాలిలోకి లేవకుండా అణచి ఉంచుతుంది.

ఇక్కడ పనివారు పాటించే ఒక చక్కని నియమం ఉంది. మొదటి కాగితంతో నిలువుగా రుద్దితే, రెండవ దానితో అడ్డంగా రుద్దుతారు. నిలువు గీతలు ఒక్కటి కూడా మిగలకుండా పోయి, అడ్డగీతలు మాత్రమే కనిపిస్తే రెండవ మెట్టు పూర్తయినట్లు. నిలువుగీత ఒక్కటి మిగిలినా ముందుకు పోకూడదు. ఎందుకంటే సన్నని కాగితం పెద్ద గీతను తీయలేదు. తొందరపడి వదిలిన ఆ గీత చివరి మెట్టులో, చుట్టూ ఉన్నదంతా మెరుస్తున్నప్పుడు, మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ మొదటికి రావలసిందే.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం అంచుల దగ్గర పొంచి ఉంటుంది. తలుపు గీతలు, పైకప్పు మలుపులు, ముందు మూత అంచులు ఇవన్నీ ఎత్తుగా ఉండే చోట్లు. తడిరంగు అంచులనుంచి పక్కలకు జారుతుంది గనుక అక్కడ పూత పలుచగా ఉంటుంది. రుద్దే చేతి ఒత్తిడి మాత్రం అక్కడే ఎక్కువగా పడుతుంది. రెండు క్షణాలు ఎక్కువ రుద్దితే చాలు, రంగు తెగి కింది ప్రైమరో, ప్లాస్టిక్కో బయటపడుతుంది. ఆ మచ్చను ఏ మెరుగూ కప్పలేదు. మళ్లీ రంగు వేయవలసిందే. అందుకే జాగ్రత్తగల పనివారు అంచులమీద సన్నని టేపు అంటించి, మొదట విశాలమైన భాగాలను రుద్దుతారు. చివర టేపు తీసి, అంచులను మెత్తని గుడ్డతో ఒకటి రెండుసార్లు తాకి వదిలేస్తారు. లోహపు మెరుపు రంగులకు మరో జాగ్రత్త ఉంది. వాటిలో సన్నని అల్యూమినియం రేకులు ఉంటాయి. నేరుగా రుద్దితే ఆ రేకులు చెదిరి మచ్చలు పడతాయి. కాబట్టి వాటిమీద ముందుగా రంగులేని పారదర్శకమైన పూత వేసి, ఆ పూతనే రుద్దుతారు.

మూడవ మెట్టు రబ్బింగ్ కాంపౌండు. ఇది చూడటానికి ముద్దలా ఉంటుంది. ఇందులో కంటికి కనిపించనంత సన్నని రాపిడి రేణువులు కలిసి ఉంటాయి. టమియా సంస్థ దీనిని ముతక, సన్నం, అతి సన్నం అని మూడు రకాలుగా అమ్ముతుంది. ఒక్కొక్క రకానికి వేరే గుడ్డ వాడాలి. ముతక రేణువు ఒక్కటి సన్నరకం గుడ్డలోకి చేరినా అది కొత్త గీతలు గీస్తుంది. మెత్తని నూలుగుడ్డమీద బఠాణీ గింజంత ముద్ద తీసుకొని తేలికగా రుద్దుతూ ఉంటే, మసకగా ఉన్న రంగులో ముందు వెలుతురు, తరువాత కిటికీ ఆకారం, చివరకు రుద్దేవారి ముఖం కనిపించడం మొదలవుతుంది. మధ్యమధ్య చేయి ఆపాలి. రాపిడికి వేడి పుడుతుంది. ఈ నమూనాలు చేసే పాలిస్టైరీన్ ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మెత్తబడుతుంది. రంగు అంతకుముందే మెత్తబడి చెడిపోవచ్చు.

అదే రాపిడి వేడిని మిత్రుడుగా చేసుకున్న పనివారు మన ప్రాంతాలలో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలోను, కర్ణాటకలో బెంగళూరు-మైసూరు దారిలో ఉన్న చెన్నపట్నంలోను లక్కబొమ్మలు చేస్తారు. ఏటికొప్పాకవారు అంకుడు కర్ర అనే తెల్లని మెత్తని కలపను లేతుమీద తిప్పి, ఉలితో బొమ్మ ఆకారం తీస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. దానిమీద మొగలి ఆకును ఒత్తి పట్టగానే లక్క సమంగా పరుచుకొని నిగనిగలాడుతుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ప్లాస్టిక్ కారుకు శత్రువైన వేడి లక్కబొమ్మకు ప్రాణం పోస్తుంది. పదార్థం స్వభావం తెలిసినవాడే దానికి మెరుగు పెట్టగలడు. అయితే రెండుచోట్లా నియమం ఒక్కటే. ఉలిపని నున్నగా లేని కర్రకు ఎంత లక్క పట్టించినా గరుకు కనిపిస్తూనే ఉంటుంది.

చివరి మెట్టు మైనం. మెరుగుకు వాడే మైనాలలో పేరుపొందినది కార్నూబా. ఇది బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టునుంచి వస్తుంది. అక్కడి ఎండలకు ఆకులలోని నీరు ఆవిరైపోకుండా ఆ చెట్టు తన ఆకులమీద మైనపు పొరను తయారుచేసుకుంటుంది. ఆకులను కోసి, ఎండబెట్టి, కొట్టి ఆ మైనాన్ని రాలుస్తారు. తేనెమైనం 60 డిగ్రీలు దాటగానే కరుగుతుంది. కార్నూబా కరగడానికి 80 డిగ్రీలకు పైగా కావాలి. చెట్టు మైనాలలో ఇది చాలా గట్టిది. దీనిని ఇతర నూనెలతో కలిపి మెత్తబరిచి, రంగుమీద పలుచగా పూసి, ఆరిన తరువాత శుభ్రమైన గుడ్డతో తుడుస్తారు. ఆకును కాపాడిన పొరే ఇప్పుడు రంగును వేలిముద్రలనుంచి, తేమనుంచి కాపాడుతుంది.

మైనం గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. మైనం పూస్తే మెరుపు వస్తుందని చాలామంది అనుకుంటారు. మైనం ఉన్న మెరుపును కాపాడుతుంది. కొంచెం లోతు తెస్తుంది. లేని మెరుపును తేలేదు. సన్నని గీతలలో మైనం నిండి అవి కొద్దిరోజులు కనిపించకపోవచ్చు. మైనం పోగానే గీతలు మళ్లీ ప్రత్యక్షమవుతాయి. పైగా మైనం పూసినచోట కొత్త రంగు అంటుకోదు. కాబట్టి లోపం ఉందని తెలిసి కూడా దానిమీద మైనం పూసినవాడు, దిద్దుకునే దారిని తానే మూసుకున్నవాడవుతాడు.

ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా ఈ పనిలో భాగమే. ప్రతి రుద్దుతోను కొంత రంగు అరిగిపోతుంది. ఇంకొంచెం మెరుస్తుందేమోనన్న ఆశతో చేయి ఆపనివాడు చివరకు రంగునే పోగొట్టుకుంటాడు. పాతకాలపు డింకీ కార్ల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. వాటిమీది రాలిన రంగు, మాసిన అంచులు ఒకనాటి పిల్లల చేతుల గుర్తులు. పాతవస్తువులు సేకరించేవారు కొత్తగా రంగు వేసిన కారుకంటే, రంగు రాలినా అసలు రంగు నిలిచి ఉన్న కారునే ఎక్కువ విలువైనదిగా భావిస్తారు. అటువంటి వస్తువును మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి వదలడమే దానికి చేసే మర్యాద.

ఫిషర్ బాడీ పోటీ 1968లో ముగిసింది. విద్యార్థి వేతనాలు పొందినవారు కొద్దిమందే. మిగిలినవారిలో చాలామందికి బహుమతి రాలేదు. కాని తాను రుద్దిన రంగులో తన ముఖం చూసుకున్న ప్రతి పిల్లవాడికీ ఒక సంగతి తెలిసి ఉంటుంది: వదిలిపెట్టిన గీత ఎక్కడుందో ఇతరులకంటే ముందు చేసినవాడికే తెలుస్తుంది.

చేతిరాత అయినా, లెక్క అయినా, భాష అయినా ఇంతే. ఒక మెట్టు పూర్తిచేయకుండా పై మెట్టుకు వెళ్లినవారు ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి రావలసి ఉంటుంది. ఈసారి మీ ఇంట్లో చెంబు తోమేటప్పుడు, అందులో మీ ముఖం ఎప్పుడు కనిపించడం మొదలవుతుందో జాగ్రత్తగా గమనించండి.